టేపు కింది మీట

జనం రాకముందే టోబీని తెర వెనక కుర్చీలో కూర్చోబెట్టాలి. క్లైవ్ చెవిలోని ఇయర్‌ఫోన్‌లోకి టోబీ గిటారే వెళ్ళాలి. సౌండ్ మిక్సర్ మీద క్లైవ్ గిటారు బయటికి వినబడకుండా దాని మీటను కిందికి లాగి, పొరపాటున కూడా ఎవరి చెయ్యీ తగలకుండా ఆ వరస మొత్తానికీ నల్ల టేపు వేయాలి. క్లైవ్ అడిగితే అద్భుతంగా వాయించావని చెప్పాలి.

సౌండ్ చూసే లోరైన్ పదకొండు ఊళ్ళలో ఈ పనులన్నీ తప్పకుండా చేసింది. ఇవాళ ఆఖరి ప్రదర్శన. సొంత ఊరు, ఇంగ్లండ్ రేవు పట్నం హల్‌లో, ఆదివారం మధ్యాహ్నం మూడింటికి.

"రాక్ బ్యాండు మధ్యాహ్నం వాయించడమేంటి?" అన్నాడు టోబీ తెర వెనక నుంచి. అతనికి ఇరవై ఆరేళ్ళు.

"మన వాళ్ళకి యాభై దాటాయి నాయనా. ఆరింటికల్లా ఇంటికెళ్ళి మోకాళ్ళకి మందు రాసుకోవాలి. నువ్వు లోపలే ఉండు, తల బయట పెట్టకు" అన్నాడు స్టువర్ట్.

స్టువర్ట్ పాడేవాడు. ముప్ఫై ఏళ్ళ కిందట చేపల రేవు పక్క షెడ్డులో అతనూ క్లైవూ కలిసి మొదలుపెట్టిందే ఈ 'పేపర్ టగ్స్' బ్యాండు. వాళ్ళకు పేరు తెచ్చిన పాట ఒకటే, 'టైడ్ టేబుల్'. ఆ పాట నడుమ అందరూ ఆగిపోతారు. ఇరవై సెకన్లు క్లైవ్ గిటారు ఒక్కటే మోగుతుంది. ఆ ఇరవై సెకన్ల కోసమే జనం ఇప్పటికీ టికెట్లు కొంటున్నారు.

రెండేళ్ళ కిందట క్లైవ్ ఎడమ చేతికి పక్షవాతం వచ్చింది. "వాడు లేకుండా నేను స్టేజి ఎక్కను" అన్నాడు స్టువర్ట్. రిహార్సల్లో ఆ చేతి పని విన్నాక, క్లైవ్‌కి చెప్పకుండా వెళ్ళి, అతని బదులు తెర వెనక వాయించడానికి టోబీని వెతికి తెచ్చాడు.

లోరైన్ వెళ్ళేసరికి క్లైవ్ మేకప్ గదిలో ఒడిలో గిటారు పెట్టుకుని, కుడిచేత్తో చిప్స్ తింటున్నాడు.

"సామాను సర్దేవాళ్ళని దగ్గరికి రానివ్వట్లేదంట నువ్వు. ఏంటి కథ?"

"ఆసుపత్రిలో ఆర్నెల్లు అన్నీ ఒకళ్ళు చేసిపెట్టారమ్మా. స్నానం కూడా. నా గిటారూ వైరూ అయినా నన్ను సర్దుకోనీ." చెయ్యి తుడుచుకున్నాడు. "కూర్చో. ఇది విను."

ఆ ఇరవై సెకన్లూ వాయించాడు. ముప్ఫై ఐదు పట్టింది. రెండు చోట్ల వేలు తీగను అందుకోలేదు. రెండోసారి తప్పినప్పుడు ఆగాడు, ఊపిరి తీసుకున్నాడు, మళ్ళీ అక్కణ్ణించే ఎత్తుకున్నాడు. లోరైన్ ఆ ముక్కను వెయ్యిసార్లు విని ఉంటుంది. కళ్ళు మూసుకుని విన్నది ఇదే మొదటిసారి.

"చూశావా? ఇక్కడ తప్పుతుంది. స్టేజి ఎక్కితే దానంతటదే చక్కబడుతుంది. విచిత్రం కదూ?" అన్నాడు క్లైవ్.

లోరైన్ నేలచూపులు చూసింది. "స్టేజి మహిమ."

"ఇవాళ కూడా అలాగే చక్కబడాలి తల్లీ. ఆసుపత్రిలో నాకు వ్యాయామం చేయించిన హిలరీ వస్తోంది. మూడో వరస. రోజూ పొద్దున్నే నా చేతిలో రబ్బరు బంతి పెట్టి, నేను తిడుతున్నా వినకుండా నొక్కించేది. ఆవిడ ముందు మాత్రం తప్పకూడదు."

లోరైన్ నేరుగా స్టువర్ట్ దగ్గరికి వెళ్ళింది.

"ఇవాళ వాడి మీట ఎత్తుతాను."

"మతి పోయిందా నీకు?"

"లోపల వాయించాడు. విన్నాను. తప్పులున్నాయి. అయినా అది క్లైవ్. టోబీ వాయిస్తే రికార్డు వేసినట్టుంటుంది."

"రెండు వేల మంది ముందు తప్పితే వాడు మళ్ళీ గిటారు ముట్టడు. వాణ్ణి నేను కాపాడుతున్నాను."

"వాణ్ణా, నీ పాటనా?"

స్టువర్ట్ వంగి బూట్ల లేసులు బిగించాడు. "వాడికి తెలిస్తే చచ్చిపోతాడు లోరైన్. టేపు జోలికి పోకు" అని లేచి వెళ్ళిపోయాడు.

మూడింటికి హాలు నిండింది. పాటలన్నీ అయిపోయాయి, ఆ ఒక్కటే మిగిలింది. స్టువర్ట్ మైకు పట్టుకుని, "ఇక మేం మళ్ళీ వాయించం. ఎక్కడైనా ఈ పాట వినబడితే, మా క్లైవ్‌ని ఒక్కసారి తలుచుకోండి" అన్నాడు. మూడో వరసలో హిలరీ అప్పటికే కళ్ళు తుడుచుకుంటోంది.

పాట నడుమకు వచ్చింది. డ్రమ్ములు ఆగాయి. స్టువర్ట్ పక్కకు తప్పుకున్నాడు. క్లైవ్ ముందుకు వచ్చి తల వంచాడు.

లోరైన్ టేపు పీకేసింది. టోబీ మీటను పూర్తిగా కిందికి లాగి, క్లైవ్ మీటను పైకి తోసింది. తప్పులతోనే వినండి, ఇది వాడిదే, అనుకుంది.

ఏమీ వినబడలేదు.

ఇంకా పైకి తోసింది. క్లైవ్ వేళ్ళు తీగల మీద కదులుతూనే ఉన్నాయి. హాలంతా నిశ్శబ్దం. ముందు ఎవరో దగ్గారు, తర్వాత ఎవరో నవ్వారు. హిలరీ లేచి నిలబడింది. క్లైవ్ వేళ్ళు ఆగాయి. అతను తలెత్తి, రెండు వేల తలల మీదుగా లోరైన్ వైపు చూశాడు. ఆ చూపులో ఆశ్చర్యం లేదు, కోపమూ లేదు. ఇవాళే ఎందుకు చేశావని అడుగుతున్నట్టుంది, అంతే.

తర్వాత జనానికి వీపు చూపించి, మెల్లగా లోపలికి నడిచాడు.

మిక్సర్‌ వైపు వెళ్ళాల్సిన గిటారు వైరు రెండో కొస, ఎక్కడా తగిలించకుండా, అతని ప్యాంటు వెనక జేబులో ఉంది.