మేడిపళ్ల దండలు

వాగు ఒడ్డున పక్షులన్నీ కలిసి ఒక సేవా సంఘం పెట్టుకున్నాయి. గాలివానకు గూళ్లు పోగొట్టుకున్న పిచ్చుకల కోసం తలా కొన్ని మేడిపళ్లు ఇచ్చాయి. ఇచ్చినవాళ్లకు సన్మానం చేయడం ఆ సంఘం ఆనవాయితీ.

దూరపు అడవి నుంచి వచ్చి, పెద్దల తోడు లేకుండా పిల్లను పెంచుకుంటున్న గోరింక తాయారుకు ప్రతిదానికీ బెంగే. పళ్లు తక్కువిచ్చానేమోనని మథనపడుతుండగానే, అధ్యక్షుడు కొంగ ఆమె మెడలో మేడిపళ్ల దండ వేశాడు.

పిల్ల ఆ దండను ముక్కుతో తిప్పి చూసింది. "అమ్మా, ఇది మనమిచ్చిన పండే. నువ్వు చూడకుండా నేను కొరికాను."

తాయారు గతుక్కుమంది. "మరి పిచ్చుక పిల్లలేం తిన్నాయండీ?"

"దండలకే పళ్లు చాలలేదమ్మా. వాళ్ల సంగతి వచ్చే విడతలో చూద్దాం," అన్నాడు కొంగ.

తాయారు రెక్కలు విప్పింది.

"సన్మానం అవకుండా ఎక్కడికమ్మా?"

"ఈ దండ పిచ్చుక పిల్లల దగ్గర మరిచిపోయి, ఇప్పుడే వచ్చేస్తానండీ."

పక్క కొమ్మ మీది చిలుక తన దండ తీసి ఇచ్చింది. "నాది కూడా అక్కడే మరిచిపోయి రా, వదినా."

చూస్తుండగానే సంఘమంతటికీ మతిమరుపు పట్టుకుంది. కొంగ తన మెడలోని లావుపాటి దండను ఒకసారి తడుముకుని, "నాకూ వయసు మీద పడుతోందిగా," అంటూ వాళ్ల వెనకే ఎగిరాడు.