పద్నాలుగున్నర రెట్లు

వెనక బెంచీలో మళ్లీ ఆ చెయ్యే లేచింది.

మాస్టారు సుద్దముక్క బల్ల మీద పడేశాడు. "ఇంకా ఏంటమ్మా?"

కెమిస్ట్రీ ట్యూషన్‌లో అందరూ కాలేజీ పిల్లలే. ఆవిడొక్కతే యాభై దాటిన మనిషి. ఈమధ్యే ఫీజు కట్టి చేరింది. ఎందుకని ఎవరూ అడగలేదు. పిల్లలు మాత్రం 'అత్తగారు' అని పేరు పెట్టేశారు.

"బార్‌కీ పీఎస్ఐకీ తేడా ఇంకోసారి చెప్పండి సార్."

"రెండూ ఒత్తిడి కొలతలే. ఒక బార్ అంటే పద్నాలుగున్నర పీఎస్ఐ. కుక్కర్ విజిళ్లు లెక్కపెట్టుకోడానికి ఇంత చదువెందుకమ్మా మీకు?"

క్లాసంతా గొల్లుమంది. ఆవిడ తల దించుకుంది కానీ కూర్చోలేదు.

"చదువుకున్నవాళ్లు కూడా పొరపాటున ఒకటి చూసి ఇంకోటి అనుకుంటారా సార్?"

"నా దగ్గర పాఠం విన్నవాడెవడూ అనుకోడు."

"తొందర్లోనో, కంగార్లోనో..."

"కళ్లెదురుగా ఒత్తిడి చూపించే గేజీ మీద ఏ కొలతో రాసే ఉంటుంది. అదీ చూసుకోనివాడిది పొరపాటు కాదు, పొగరు. అలాంటివాణ్ణి క్షమించకూడదు!" మాస్టారు గుమ్మం వైపు వేలు చూపించాడు. "మీ బుర్రకెక్కదు గానీ, రేపట్నించి రాకండి."

"నాకు తెలియాల్సింది తెలిసింది సార్," అని ఆవిడ వెళ్లిపోయింది.

మర్నాడు క్లాసు ముగించుకుని మాస్టారు కోర్టుకి పరుగెత్తాడు. తమ్ముడి కేసు తీర్పు ఆ రోజే.

తమ్ముడు పనిచేసే ఫ్యాక్టరీలో గాలి ట్యాంకుకి కొత్త గేజీ బిగించారు. అది చూపించేది బార్లు. తమ్ముడు పీఎస్ఐలనుకుని నింపుతూ పోయాడు. ట్యాంకు పేలి, పక్కనున్న కుర్రాడు చచ్చిపోయాడు. ఆ కుర్రాడి ఇంటికి మాస్టారు ఒక్కసారీ వెళ్లలేదు. తమ్ముడి మీది కోపమంతా నెలల తరబడి క్లాసులోనే కక్కుతున్నాడు.

లాయరు వరండాలోనే ఎదురొచ్చాడు. ముఖంలో కళ లేదు.

"ఐదేళ్లు వేశారండీ."

"అదేంటి! చచ్చిపోయిన కుర్రాడి అమ్మగారు జడ్జిగారితో మంచిమాట చెబుతుంది, శిక్ష తగ్గుతుందన్నారుగా?"

"నిన్న పొద్దుటిదాకా ఆ మాట మీదే ఉంది. ఇవాళేమో నోరు విప్పలేదు."

"ఎందుకని?"

"ఏమోనండీ. పాపం ఆ తల్లి మీవాణ్ణి క్షమించాలనే అనుకుంది. అది నిజంగా పొరపాటేనని మనసుకి నమ్మకం కుదరాలని, అతనికి పాఠం చెప్పిన అన్నగారని మీ క్లాసులోనే చేరి కూర్చుందట."