మాట పూర్తయ్యేదాకా

"మత్తు గోలీలు కలిపిన కల్లు తాగి చెడినోనికి మళ్ల గోలీలేంది, జెస్సికా? ఇవి గూడ అలవాటైతే నా కొడుకు నాకు దక్కుతడా?"

కోడలి చేతిలోంచి గుంజుకున్న గోలీల అట్టతో మురికినీళ్లు పోయే మోరి దగ్గర నిలబడ్డాను. దాన్ని పట్టుకోవాలంటేనే అసహ్యంగా ఉంది.

"ఇవి మత్తుయి కావత్తమ్మా. చిన్నప్పటిసంది మనసు ఒక్కకాడ నిలువని జబ్బంట, ఏడీహెచ్‌డీ. అది కుదురుకుంటే కల్లు మీద యావ తగ్గుతదని డాక్టర్ చెప్పిండు. నెలసంది ఏస్కుంటుండు."

నా కొడుకు చార్లీ ముత్తంగి గోదాములో పని ముగించుకుని ఇంటికి వచ్చాడు. రోజూలాగే గడపలో ఆపి నోటి వాసన చూశాను. చాయ్ వాసనే వచ్చింది. అయినా నాకు నమ్మకం కుదరలేదు.

"ఇవి మత్తెక్కియ్యవారా? నీ కక్కులు ఎత్తిపోసిన చేతులివి, ఎంత కడిగినా వాసన పోతలేదు. చర్చిల నా పక్కన ఎవ్వలు కూసుంటలేరు. నీ బిడ్డ నీ దగ్గరికి రాదు. ఈ గోలీలు మోరిల పారేస్తున్న. పొద్దుగాల డబ్బల వంకాయ కూర పెట్టిన, తిన్నవా, అది గూడ పారేసినవా?"

ఆయాసంతో ఆగాను. ఎప్పుడూ నా రెండో మాటకే లేచి బండి తీసేవాడు. ఇవాళ నా మాట పూర్తయ్యేదాకా మెట్టు మీద అట్లాగే కూర్చుని విన్నాడు.

"మత్తెక్కదమ్మా," అన్నాడు. "నీ చేతుల దిక్కు సూసే మొఖం నాకు లేదు. ఆదివారం నీ పక్కన నేను కూసుంట. బిడ్డను నేనే పిలుస్త. గోలీలు పారెయ్యకు. వంకాయ తిన్న. జెర ఉప్పెక్కువైంది."