కెమెరా ఆపని బడి

"ఈ ఆన్‌లైన్ హైస్కూల్లో రోజంతా కెమెరా వేసే ఉంచాలట. మనకొద్దు," అన్నారు మావారు లాప్‌టాప్ నా వైపు తిప్పుతూ. "రెండోదే మేలు. మొహం చూపించక్కర్లేదు."

నాకూ అదే నచ్చింది. బస్సులో ఎవరో వెంటపడుతున్నారని తెలిశాక, అమ్మాయిని బడి మాన్పించి ఇంట్లోనే చదివిద్దామని పట్టుబట్టింది నేనే. మేమిద్దరం ఉద్యోగాలకు వెళ్లినా ఇంటిపట్టున మా మరిది ఉంటాడు. ఇంటికన్నా పదిలమైన చోటు దేవుడు ఎవరికిచ్చాడు?

"నాకు మొదటిదే కావాలి," అంది అమ్మాయి.

"తల దువ్వుకోవడానికే బద్ధకం నీకు. పొద్దస్తమానం టీచరు నిన్నే చూస్తుందే!" అని నవ్వారాయన.

"చూడనీ నాన్నా. మధ్యలో కెమెరా ఆగిపోతే?"

"ఐదు నిమిషాల్లో అమ్మకి ఫోన్ చేస్తారట."

"ఐదు నిమిషాలా!" అంది నీరసంగా.

వంటింట్లోంచి మరిది కేకేశాడు. "కెమెరా గోల లేనిదాన్లోనే చేర్పించండి వదినా. చూసుకోవడానికి నేను లేనూ?"

అమ్మాయి లాప్‌టాప్ తీసుకుని తన గదిలోకి వెళ్లింది. వెనకే వెళ్లాను. కిటికీ దగ్గరున్న బల్లను ఎదుటి గోడ దాకా ఈడ్చింది. కెమెరా వేసి, తెర మీద తన మొహం వెనక తలుపు పూర్తిగా కనిపించేదాకా లాప్‌టాప్‌ను అటూ ఇటూ జరిపింది.

"తలుపు కనిపించడం దేనికే?" అని అడగబోయాను. వెనక్కి తిరిగి తలుపు వైపు చూశాను.

ఆ తలుపుకు గడియ పెట్టించమని నెల క్రితమే అడిగింది. మనింట్లో మనకేం భయమే అని నవ్వేశాను.