రక్తంలో సీసం

"మా మనవరాలి రక్తం ఇది. మీరే పరీక్ష సేయించాల, మేడమ్."

ఉమాపతి చిన్న గాజు గొట్టం ముందుకు చాపాడు. పాత బ్యాటరీలు కరిగించి సీసం తీసే కొలిమి ఆయనది. ఆయన ఎదురైతే పక్కకి తప్పుకోని వ్యాపారి రాజాంలో లేడు. అలాంటి మనిషి కాలేజీ జువాలజీ ల్యాబు గుమ్మంలో చెప్పులు విప్పి నిలబడ్డాడు.

అక్కడి లెక్చరరు ప్రిస్కిల్లా కుర్చీ చూపించలేదు.

ఆమెది కొలిమి పక్క ఊరే. అక్కడ పారే గెడ్డలో చేపలు పట్టించి, వాటి ఒంట్లో సీసం ఎంత చేరిందో ఏళ్ళ తరబడి పరిశోధిస్తోంది. హుద్‌హుద్ తుఫాను వచ్చిన ఏడు, కొలిమి పెంచడానికి అధికారులు పెట్టిన సభలో ఆ సంగతులు చదివింది. ఉమాపతి లేచాడు.

"సేపలకి కడుపునొప్పొస్తే కొలిమి ఆర్పీమంటావేటి, పంతులమ్మా?"

జనం నవ్వారు. ఆ నవ్వు ఆమె మరిచిపోలేదు.

"నేను చేపల పంతులమ్మనండి. పాపని డాక్టరుకి చూపించండి," అంది ఇప్పుడు.

"డాక్టరుకి సెప్తే ఊరంతా పాకుతాది. రక్తం కూడా ఇంటికాడే గుట్టుగా తీయించినాను. పాప సెలవులకొస్తే నాతో కొలిమికాడికొచ్చీది. అక్కడే ఆడుకునీది. ఇప్పుడు కడుపునొప్పని ఏడుస్తన్నాది. నాకు కన్ను మూతపడ్డం లేదమ్మా."

ఆమె గొట్టం అందుకుంది. తన చేపల్ని పరీక్షించే విశాఖ ల్యాబుకే పంపింది.

ఫలితం వచ్చిందనగానే ఆయన పరిగెత్తుకొచ్చాడు.

"ఉంది," అంది ప్రిస్కిల్లా. "ప్రాణం మీదికొచ్చేంత ఉంది."

ఆయన గుమ్మం దాటి లోపలికొచ్చాడు. "ఏటవుతాది?"

ఆమె దాచలేదు. ఒక్కొక్కటే చెప్పింది.

"అన్నం సయించదు. నిన్న నేర్చుకున్న అక్షరం ఇవాళ గుర్తుండదు. తోటి పిల్లలు పై తరగతికి పోతే తను అక్కడే ఉండిపోతుంది. బొమ్మ కొనమని అడగడం కూడా మానేస్తుంది. పిలిస్తే, పలకడానికి చాలాసేపు పడుతుంది."

"ఇయన్నీ సేపల్లో సూసావేటమ్మా?"

"దగ్గర్నుంచే చూశాను."

"మరి మందు?"

"ముందు కొలిమి ఆర్పండి. ఆ పొగా, ఆ నీళ్ళూ ఉన్నన్నాళ్ళూ ఏ మందూ పనిచెయ్యదు."

ఆయన కళ్ళలోకే చూస్తూ చెప్పింది. అవి చెమర్చేదాకా చూపు తిప్పుకోలేదు.

మర్నాడే కొలిమి ఆరిపోయింది. షెడ్డు విప్పించి, గెడ్డలో పేరుకున్న నల్లబురద కూడా ఎత్తించాడు ఉమాపతి. ఎందుకో ఊరికి అంతుపట్టలేదు.

అంతా అయ్యాక పాప రక్తం మళ్ళీ తెచ్చాడు. ఈసారి ఆమె, "ఏమీ లేదు. పాప బాగుంది," అంది.

ఆయన రెండు చేతులూ జోడించాడు. "మా పాపని కాపాడీసినావు, తల్లీ!"

ప్రిస్కిల్లా తిరిగి దండం పెట్టలేదు.

ఆ పాప రక్తంలో మొదటిసారి కూడా సీసం లేదు. ఆ రోజు ప్రిస్కిల్లా చెప్పినదంతా తన కన్నకూతురి సంగతి.