వినబడని ప్రార్థన

ముసలామె ఆ రోజు కూడా ఎనిమిదింటికల్లా వచ్చి గేటు ముందు నిలబడింది.

కాపలాదారు తల పట్టుకున్నాడు. లోపల ఉండేది దేశాధినేత. ఆయన పేరెత్తాలంటే జనం ముందు అటూ ఇటూ చూసుకుంటారు.

"పెద్దమ్మా, నా పొట్ట కొట్టకు. ఇంటికి వెళ్లిపో."

"చెప్పమన్నది చెప్పి వెళ్తాను నాయనా."

మనిషి పిడికెడే గానీ గొంతు మాత్రం వీధి చివరిదాకా వినబడేది. పూర్వం ప్రవక్తలు గర్వించిన రాజులకు చెప్పిన మాటలు చదివేది. నక్షత్రాల మధ్య గూడు కట్టుకున్నవాణ్ణి కూడా దేవుడు కిందికి దించుతాడనీ, నెత్తురు పోసి కట్టిన పట్టణం నిలవదనీ, తీర్పు గుమ్మం దాకా వచ్చేసిందనీ. ఆ తర్వాత గోడవైపు తిరిగి, మోకరించి, పావుగంటసేపు పెదవులు కదిపేది. అది మాత్రం పక్కనున్నవాళ్లకు కూడా వినబడేది కాదు.

గేటు దగ్గర ఎవరేమన్నా పొల్లుపోకుండా పుస్తకంలో రాసి, సాయంత్రానికి లోపలికి పంపాలి. ఒక్క గడి ఖాళీగా కనబడినా చీవాట్లు తప్పవు.

కాపలాదారు ఆమె చదివింది చదివినట్టే రాశాడు. వినబడనిదానికి ఏం రాయాలో తోచలేదు. అడుగుదామనుకున్నాడు గానీ, ప్రార్థనలో ఉన్న మనిషిని కదిలించడానికి మనసొప్పలేదు. అయినా అంత గట్టిగా దుమ్మెత్తిపోసిన నోరు గొణిగితే మాత్రం ఇంకేం గొణుగుతుంది?

"అధినేత చావు కోరుతూ శాపనార్థాలు" అని గడి నింపేశాడు. మర్నాటి నుంచి పాత పేజీ చూసి అదే ఎక్కించాడు.

పదో రోజు పోలీసు జీపు వచ్చింది.

చదివినందుకు కాదట. ఆ మాటలు ప్రార్థనా మందిరాల్లో ఎవరో ఒకరు చదువుతూనే ఉంటారు. చావు కోరినందుకట.

జీపు ఎక్కుతూ ఆమె వెనక్కి తిరిగింది.

"నీ తప్పేం లేదులే నాయనా."

ఆ మాటే అతన్ని తినేసింది. మూడు వారాలు మథనపడి, ఉద్యోగం పోతే పోయిందని తెగించాడు. తాను రాసింది విన్నమాట కాదు, ఊహేనని కాగితం మీద ఒప్పుకుని, సంతకం పెట్టి, జైలుకు పట్టుకెళ్లాడు.

జైలు వార్డరమ్మ కాగితం చదివి, మడిచి, తిరిగి అతని చేతికే ఇచ్చింది. ఆ ముసలామె నిన్న పొద్దున జ్వరంతో పోయిందని చెప్పింది.

అతను అక్కడే బల్ల మీద కూలబడ్డాడు.

"గోడవైపు తిరిగి ఏమనేదో మీకేమైనా వినబడిందా అక్కా?"

"ఇరుకు గది. వినబడకేం. 'తండ్రీ, ఆ బిడ్డ మీదికి తీర్పు రానివ్వకు. పూర్వం ఆ పాపపు పట్టణం మారడానికి నలభై రోజులు గడువిచ్చావు, వీడికీ ఇవ్వు. మారతాడు.' రోజూ ఇదే."

కాపలాదారుకు కళ్లనీళ్లు ఆగలేదు. అంతటి మనిషిని తన చేతిరాతతోనే పంపించాడు. ఇంతకీ ఆమె అధినేతకు ఏమవుతుంది, కన్నతల్లా, పెంచిన తల్లా అని అడిగాడు.

వార్డరమ్మ తల అడ్డంగా ఊపింది.

"కిందటేడు ఆయన సంతకంతో ముగ్గురు అన్నదమ్ముల్ని ఉరితీశారు కదా, వాళ్ల అమ్మ."