విన్నవాళ్ల పేరు

ఒకే మోడల్ ట్యాబ్‌లో వస్తున్న రెండు రకాల సౌండ్ చిప్‌లలో ఏది ఉందో ట్యాబ్‌ను నడిపించే కెర్నెల్ గుర్తుపట్టేలా కోడ్ రాయాలి, స్పీకరుకు దారి కలపాలి, ధర్మవరం పోయి అక్కడి కుర్రాడు గోపాల్ ట్యాబ్‌లో విని చూడాలి: ఇదీ నేను పెట్టుకున్న పని. ఆ మోడల్‌లో శబ్దం రావడంలేదని నాకు మొదట చెప్పింది గోపాలే. నేను సరిచేసేలోపే జ్వరంతో పోయాడు.

కోడ్ పూర్తిచేసి ధర్మవరం పోతే, వాళ్ల అవ్వ మునెమ్మ ఆ ట్యాబ్ తెచ్చిచ్చింది. కొత్త కోడ్ ఎక్కించాను. పాట మోగింది.

"పలుకుతాండాది గదప్పా!"

"పరీక్షించినోళ్ల పేరు కోడ్ కింద రాస్తామవ్వా. గోపాల్ అని రాస్తా."

"వాడు యాడ ఇన్యాడు నాయనా? అబద్దమాడి వాని పేరు చెడగొట్టొద్దు."

"మరి ఎవరిది రాయాల?"

"ఇన్నది నేను గదా."

పాట అయిపోయినా అవ్వ ట్యాబ్‌ను చెవి దగ్గర నుంచి తీయలేదు.

పరీక్షించినది మునెమ్మ అని రాశాను. లోపం తెలిపినది గోపాల్ అని దాని పైన రాశాను. ఈ కోడ్‌తో మీ ట్యాబ్ పలికినప్పుడు వాణ్ణి ఒకసారి తలచుకోండి.